కొమ్మన నేరేడు, కంచెన వాక్కాయ

మృగశిర కార్తె వచ్చి, నాలుగు తొలకరి చినుకులు ఎర్రమట్టిని తడిపాక, ఆనందపురం జంక్షన్ రంగు మారుతుంది. తెల్లవారకముందే పూల మార్కెట్లో బంతి, లిల్లీ, మల్లె మూటలు దిగుతాయి. ఆ సందడికి కాస్త ఎడంగా, రోడ్డు వారన నల్లని తట్టలు వెలుస్తాయి. వాటి నిండా నేరేడు పళ్లు. వాన నీరు ఇంకా ఆరని తొక్కల మీద ఉదయపు వెలుగు పడితే ఆ నలుపులో ఒక ఊదా, ఒక నీలం, లోలోపల ఒక ఎరుపు కదులుతాయి. "రుచి చూడు తల్లీ, పంచదారే" అంటూ తట్ట ముందు కూర్చున్న అమ్మ రెండు పళ్లు చేతిలో పెడుతుంది. నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెనకే పులుపు, చివర నాలుకను పట్టి ఉంచే వగరు.

విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వైపు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది ఆనందపురం. ఇక్కడి నుంచి ఒక దారి పెందుర్తి మీదుగా అనకాపల్లికి పోతుంది, ఇంకొకటి భీమిలి సముద్రానికి దిగుతుంది. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న మహానగరం ఇటువైపు పెరుగుతూ వస్తున్నా, తూర్పు కనుమల చివరి గుట్టలు ఇంకా ఊళ్ల పక్కనే నిలిచి ఉన్నాయి. వాటి రాయి ఖోండలైటు. అది చివికి మట్టయినప్పుడు ఎర్రగా మారుతుంది. ఆ ఎర్రమట్టిలోంచే చెట్టు ఈ నల్లని పండును తీస్తుంది. ఆ నలుపు వెనుక ఉన్న వింతను, దాన్ని ఇంట్లో ఒక జాము సీసాలో దాచుకునే పద్ధతిని, ఆ సీసాలో నిజంగా ఎంత బలం ఉంటుందో చెప్పడమే ఈ కథనం ఉద్దేశం.

నలుపు వెనుక ఎరుపు

నేరేడు పండు పుట్టుకతో నల్లనిది కాదు. వేసవిలో తెల్లని సన్నటి కేసరాలతో పూత వస్తుంది, తేనెటీగలు చెట్టంతా మూగుతాయి. పూత రాలి ఆకుపచ్చని పిందె తేలుతుంది. అది గులాబీ రంగుకు తిరిగి, ఊదా అయి, చివరకు నల్లబడుతుంది. ఈ రంగుకు కారణం ఆంథోసయనిన్లు అనే వర్ణద్రవ్యాలు. అవి ఎక్కువగా తొక్కలో పేరుకుంటాయి. నేరేడు లేత చిగుళ్లు గులాబీ ఎరుపులో మెరవడం చాలామంది చూసే ఉంటారు. అక్కడా వీటి జాతి రంగే ఉంటుంది. ఎండ తీవ్రత నుంచి లేత ఆకును కాచే పని కూడా ఈ రంగుదే అంటారు శాస్త్రవేత్తలు.

పండులో మాత్రం ఈ రంగు పిలుపు. గింజ ముదరక ముందు కాయ ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది, వగరుతో నోరు కట్టేస్తుంది. గింజ మొలకెత్తడానికి సిద్ధమయ్యాక చెట్టు తీపి నింపి, నలుపు పూసి, ఆకాశానికి కబురు పెడుతుంది. పికిలిపిట్టలు, గోరువంకలు, కోయిలలు పగటిపూట వస్తాయి. పొద్దుగూకాక గబ్బిలాల వంతు. కొండల్లో పునుగుపిల్లులు, ఎలుగుబంట్లు కూడా ఈ రుచి ఎరిగినవే. తిన్నవాళ్లు గింజను మరోచోట వదిలిపోతారు. చెట్టు కదలకుండానే కొండ దాటుతుంది.

ఈ రంగుకు ఇంకో గుణం ఉంది. పులుపు తగిలితే ఎర్రబడుతుంది, క్షారం తగిలితే నీలానికి, ఆకుపచ్చకు తిరుగుతుంది. బడి పిల్లల తెల్ల చొక్కా మీద పడ్డ నేరేడు మరకను సబ్బుతో రుద్దినప్పుడు అది పోవడానికి బదులు నీలం తేలడానికి ఇదే కారణం. రెండు చెంచాల నేరేడు రసాన్ని మూడు గాజు గ్లాసుల్లో నీళ్లు కలిపి పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం పిండండి, ఒకదాంట్లో చిటికెడు వంటసోడా వేయండి, మూడోదాన్ని అలాగే ఉంచండి. ఒకే పండు మూడు రంగులై నిలుస్తుంది. ఇంట్లో పిల్లలుంటే ఏడాదికి ఒక్కసారైనా చూపించదగిన వింత ఇది.

మన పెద్దలు ఈ పండును ఎంత పెద్దగా ఊహించారంటే, మేరు పర్వతం దగ్గర ఒక మహా జంబూవృక్షం ఉందని, ఏనుగులంత పండ్లు దాని మీది నుంచి రాలి పగిలి, ఆ రసమే నదై పారిందని పురాణాలు చెప్పాయి. ఆ రసంలో నానిన ఒండ్రు బంగారమైందట. రసం మన్నును తాకి రంగు మార్చుకోవడం చూసిన కళ్లే ఆ కథను కట్టి ఉంటాయనిపిస్తుంది.

చలిదేశపు చిన్న తోబుట్టువు

నేరేడు నలుపు ఇంకో పండుకూ ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో ఐస్‌క్రీమ్ తినే పిల్లలందరికీ ఆ బ్లాక్ కరెంట్ పేరు తెలుసు. ఊదా రంగు, పులుపు కలిసిన తీపి. అసలు పండును చూసినవాళ్లు మాత్రం మనలో అరుదు. అది ఉత్తర ఐరోపాలో, ఉత్తర ఆసియాలో పెరిగే, మనిషి ఎత్తుకు మించని పొద. బఠాణీ గింజంత పండ్లు గుత్తులుగా వేలాడతాయి. ఆ మొక్కకు చలికాలంలో కొన్ని వారాల పాటు గడ్డకట్టే చలికి దగ్గరగా ఉండే నిద్ర కావాలి. ఆ నిద్ర పట్టకపోతే పూత సరిగా రాదు. మన కనుమల్లోని లంబసింగిలో శీతాకాలపు రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరికి వెళ్తాయి, అక్కడ ఇప్పుడు స్ట్రాబెర్రీ పండిస్తున్నారు కూడా. అయినా తెల్లారి సూర్యుడెక్కితే ఆ చలి కరిగిపోతుంది. బ్లాక్ కరెంట్ కోరే సుదీర్ఘమైన చలి మన కనుమల్లో లేదు.

ఆ చిన్న పండు పేరు ప్రపంచానికి బలంగా వినిపించింది యుద్ధకాలంలో. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల భయంతో బ్రిటన్‌కు నారింజలు తెచ్చే ఓడలు తగ్గిపోయాయి. పిల్లలకు విటమిన్ సి ఎలా అన్న ప్రశ్న వచ్చింది. తమ నేల మీదే పండే బ్లాక్ కరెంట్‌ను ఎక్కువగా పెంచమని ప్రభుత్వం రైతులను ప్రోత్సహించింది. 1942 నుంచి ఆ పండు పానకాన్ని పసిపిల్లలకు ఉచితంగా పంచింది. అదే 1942లో, ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. సముద్రం మూసుకుపోతే మనిషి తన పెరటి వైపు చూస్తాడు. తన నేల ఏం పండిస్తోందో అప్పుడు తెలుసుకుంటాడు.

వంద గ్రాముల బ్లాక్ కరెంట్ పండులో దాదాపు 180 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. నారింజలో ఉండేదానికి ఇది మూడు రెట్లకు పైమాటే. దాని నల్లదనానికి కూడా కారణం ఆంథోసయనిన్లే. అందులో ముఖ్యమైన వాటికి మూలం డెల్ఫినిడిన్ అనే అణువు. ఆశ్చర్యం ఏమిటంటే, మన నేరేడు తొక్కలోనూ అదే డెల్ఫినిడిన్ ఉంది. దానికి తోడు పెట్యునిడిన్, మాల్విడిన్ అనేవి కూడా. ఒకటి మంచు దేశపు పొద, ఒకటి ఎండ దేశపు మహావృక్షం. చుట్టరికం ఏమీ లేదు. పక్షిని పిలవడానికి రెండూ ఒకే రంగును కలిపి తయారుచేసుకున్నాయి.

ఇద్దరు పంచుకున్న గుణం

జాము కట్టాలంటే పండుకు మూడు గుణాలు ఉండాలి. రంగు, పులుపు, పెక్టిన్. మొక్కల కణాల గోడల్లో, రాళ్ల మధ్య సున్నం మాదిరి, కణాలను అతికించి ఉంచే పదార్థమే పెక్టిన్. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ బ్రాకోనో 1825లో దాన్ని వేరుచేసి వివరించాడు. పండు ఉడికినప్పుడు ఈ పెక్టిన్ రసంలోకి దిగుతుంది. చక్కెర నీటిని తనవైపు లాక్కుంటుంది, పులుపు పెక్టిన్ గొలుసుల మధ్య ఉన్న వికర్షణను తగ్గిస్తుంది. అప్పుడు ఆ గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని వల అల్లుకుంటాయి. ఆ వలలో రసం చిక్కుకుని ముద్దకడుతుంది. ఇంగ్లండు ఇళ్లలో బ్లాక్ కరెంట్ జాము అంత తేలిగ్గా కుదరడానికి కారణం, ఈ మూడు గుణాలూ ఆ ఒక్క పండులోనే పుష్కలంగా ఉండడం.

నేరేడులో రంగుకు లోటు లేదు. బాగా పండిన పండులో పులుపు తగ్గుతుంది. పెక్టిన్ ఉన్నా జాము గట్టిగా కట్టడానికి ఒక్కోసారి చాలదు. అందుకే నేరేడు ఒక్కదానితోనే చేసిన జాము చాలా ఇళ్లలో పాకంలా జారిపోతుంది. నేరేడులో తక్కువైనది అదే ఎర్రమట్టిలో, నాలుగడుగుల దూరంలో, ముళ్ల కంచెలో ఉంది. అది వాక్కాయ.

వాక్కాయ పొదను గుర్తుపట్టడం సులువు. జంటలుగా పొడుచుకొచ్చిన గట్టి ముళ్లు, తళతళలాడే ముదురాకులు, నక్షత్రాల వంటి తెల్లని సువాసన పూలు. ఆకు తుంచితే పాలు కారతాయి. గన్నేరు, నందివర్ధనం ఉన్న కుటుంబమే దీనిదీ. గన్నేరు విషం, వాక్కాయ ఆహారం. కాబట్టి తెలియని కొండకాయను పిల్లలు నోట పెట్టకూడదన్న పాఠం కూడా ఈ పొద దగ్గరే చెప్పాలి. వానాకాలం మొదలయ్యాక కాయలు తెల్లటి గులాబీ రంగులో, తర్వాత ఎర్రగా, పండితే నల్లని ఊదాగా మారతాయి. మనకు వాక్కాయ పప్పు తెలుసు, పచ్చడి తెలుసు, పులిహోర తెలుసు. బేకరీ కేకు మీద ఎర్రగా మెరిసే చెర్రీ చాలాసార్లు చక్కెర పాకంలో నానిన వాక్కాయేనని మాత్రం అందరికీ తెలియదు.

ఈ కాయలో పులుపు దండిగా ఉంది, పెక్టిన్ కూడా దండిగా ఉంది. పూర్తిగా పండక ముందు, ఎరుపు తిరిగే దశలో పెక్టిన్ ఎక్కువ. నేరేడు ముగిసే రోజులకు వాక్కాయ మొదలవుతుంది. ఆ రెండూ తట్టల్లో కలిసి కనిపించే కొద్ది వారాలే మన జాము కాలం. బ్లాక్ కరెంట్ ఒంటరిగా మోసే గుణాలను మన కొండ రెండు మొక్కలకు పంచింది. రంగు కొమ్మకు ఇచ్చింది, పట్టు కంచెకు ఇచ్చింది.

పొయ్యి మీద

పాడవని, గట్టిగా నిగనిగలాడే నేరేడు పళ్లు తీసుకోవాలి. ఉప్పు నీళ్లలో కడిగి, చేత్తో పిసికి గింజలు తీసేయాలి. తొక్క పారేయకూడదు, రంగంతా అక్కడే ఉంది. గుజ్జు ఒక కిలో వచ్చాక, పావు కిలో ఎర్రబారిన వాక్కాయలను రెండుగా కోసి, లోపలి గింజలు తీసి, ఉప్పు నీళ్లలో కాసేపు ఉంచితే పాల జిగురు పోతుంది. వాటిని మునిగేంత నీళ్లలో మెత్తగా ఉడికించి, మెదిపి, జల్లెడ పట్టాలి. ఆ చిక్కని రసాన్ని నేరేడు గుజ్జులో కలపగానే ఊదా రంగు కళ్ల ముందే ఎర్రబారుతుంది. గాజు గ్లాసులో నిమ్మరసం చేసిన పనే ఇక్కడ వాక్కాయ చేసింది.

గిన్నె స్టెయిన్‌లెస్ స్టీలుది కావాలి. ఇనుప మూకుడులో వండితే నేరేడులోని టానిన్లు ఇనుముతో కలిసి జామును మసి రంగుకు తిప్పుతాయి, అల్యూమినియం పులుపుకు నిలవదు. ముందు గుజ్జును పది నిమిషాలు ఉడకనివ్వాలి. తర్వాత ముప్పావు కిలో నుంచి కిలో దాకా చక్కెర వేసి, పెద్ద మంట మీద కలుపుతూ ఉండాలి. మొదట నురుగు తెల్లగా లేస్తుంది. నీరు ఆవిరయ్యేకొద్దీ బుడగలు పెద్దవై, బరువెక్కి, మెల్లగా పేలతాయి. నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. చక్కెర చిక్కబడిన ఈ ముద్ద 105 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. జాము కట్టే ఘడియ అదే. థర్మామీటరు లేకపోతే ఫ్రిజ్‌లో చల్లబరిచిన పళ్లెం మీద ఒక చుక్క వేసి, ఒక నిమిషం ఆగి వేలితో నెట్టి చూడాలి. చుక్క పైన ముడత పడితే పొయ్యి కట్టేయవచ్చు. అంతకు మించి మరిగిస్తే రంగూ పోతుంది, రుచీ పోతుంది.

దింపే ముందు రెండు లవంగాలు వేస్తే ఆ వాసన ఎంతో సహజంగా ఇమిడిపోతుంది. నేరేడు, లవంగం రెండూ సిజీజియం ప్రజాతివే. ఇండోనేషియా ద్వీపాల మొగ్గ, ఆనందపురం పండు ఒకే గిన్నెలో కలుసుకుంటాయి. మరిగించి ఆరబెట్టిన గాజు సీసాల్లోకి వేడిగానే నింపి మూత బిగించాలి. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం జాములో కరిగిన ఘనపదార్థం కనీసం 65 శాతం ఉండాలి. అంత చిక్కదనంలో సూక్ష్మజీవులకు బతకడానికి నీరు దొరకదు. జాము నెలల పాటు నిలవడానికి అసలు కారణం అదే. చక్కెర తగ్గించి చేసుకుంటే తప్పకుండా ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా వాడేయాలి.

చెంచాలో ఎంత బలం

ఇష్టమైన వస్తువు గురించి నిజం చెప్పడం ఇష్టంలో భాగమే. వంద గ్రాముల తాజా నేరేడు దాదాపు 60 కిలోక్యాలరీలు ఇస్తుంది, విటమిన్ సి పదిహేను మిల్లీగ్రాములకు అటూఇటూ మాత్రమే. ఆ లెక్కలో బ్లాక్ కరెంట్ ఎంతో ముందుంది. కానీ విటమిన్ సి కోసం మనం చలిదేశం వైపు చూడక్కర్లేదు. మన జామపండులో బ్లాక్ కరెంట్‌ను మించి ఉంది, ఉసిరిలో ఇంకా ఎక్కువ. నేరేడు గొప్పదనం దాని రంగులో, వగరులో ఉంది. ఆంథోసయనిన్లు, టానిన్లు, ఇతర పాలీఫినాళ్లు ప్రయోగశాలలో బలమైన యాంటీఆక్సిడెంట్లుగా పనిచేస్తాయి. రంగురంగుల పండ్లు కూరలు రోజూ తినేవారి గుండెకు, రక్తనాళాలకు మేలు జరుగుతుందని పోషకాహార శాస్త్రం చెబుతోంది. ఆ పళ్లెంలో నల్లని రంగుకు చోటు ఇచ్చే పండ్లలో నేరేడు మేటి.

పొయ్యి కొంత తీసుకుంటుంది. వేడికి విటమిన్ సి తగ్గుతుంది. ఆంథోసయనిన్లు కూడా కొంత విరిగిపోతాయి, సీసా వెలుతురులో, వెచ్చగా ఉంటే నెలలు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతాయి. అందుకే తక్కువ సేపు ఉడికించాలి, చీకటిగా చల్లగా ఉన్న చోట దాచాలి. పెక్టిన్ మాత్రం వేడికి తట్టుకుని సీసాలో చాలావరకు మిగులుతుంది. అది కరిగే పీచు, పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులకు ఆహారం.

ఇక చక్కెర. ఇరవై గ్రాముల జాములో, అంటే ఒక నిండు చెంచాలో, పన్నెండు పదమూడు గ్రాముల చక్కెర ఉంటుంది. విడిగా కలిపిన చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మరింత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఆ కొలతలో ఒక చెంచా జాము సగం తినేస్తుంది. కాబట్టి జాము ఎప్పుడూ కొసరుగానే ఉండాలి. నేరేడు మధుమేహానికి మందని చాలామంది నమ్ముతారు. గింజల పొడి మీద జంతువుల్లో చాలా పరిశోధనలు జరిగాయి, మనుషుల్లో మాత్రం వైద్యుడి మందును పక్కన పెట్టగలిగేంత రుజువు లేదు. చక్కెర వ్యాధి ఉన్నవారికి పండు వేరు, జాము వేరు. వారు ఈ కాలంలో తాజా పండునే కొలతగా తిని, ఉప్పు చల్లుకుని ఆ వగరును ఆస్వాదించడం మంచిది.

కడుపులోకి వెళ్లిన వెంట్రుకలు కరగాలంటే ఏడాదికి ఒక్కసారైనా నేరేడు తినాలని మన ఇళ్లలో పెద్దలు చెప్పేవారు. వెంట్రుకలు కరుగుతాయో లేదో గాని, ఆ మాట వల్ల తరతరాల పిల్లలు కాలానికొచ్చిన కొండపండును రుచి చూడకుండా పెరగలేదు. ఆ మాటలోని ఆరోగ్యం అది.

గింజ మాట

జాము చేసిన రోజు వంటింట్లో ఒక గుప్పెడు నేరేడు గింజలు మిగులుతాయి. వాటిలో ఇంకో వింత ఉంది. నేరేడు గింజ ఒక్కటి నాటితే తరచుగా ఒకటికి మించి మొక్కలు లేస్తాయి, ఒకే పెంకులో పలు పిండాలు ఉంటాయి గనుక. కానీ ఆ గింజకు ఓర్పు తక్కువ. ఎండబెట్టి దాచుకుందామంటే చచ్చిపోతుంది. తొలకరికి పండడం, తడి నేల మీద రాలడం, వెంటనే మొలవడం, ఇదే దాని జీవితం. పండు తినే కాలం, గింజ నాటే కాలం చెట్టు లెక్కలో ఒకటే.

గింజ నుంచి పెరిగిన నేరేడు కాపుకు రావడానికి ఎనిమిది పదేళ్లు పడుతుంది. ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు కాస్తుంది. మారిషస్‌కు, ఫిజీకి, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలుగా ఓడలెక్కిన తెలుగువాళ్ల పిల్లలు కూడా ఈ చెట్టు నీడ ఎరుగుదురు. ఆ నేలల్లోనూ ఇది వేళ్లూనుకుంది. అంత దూరం పోయి బతికిన చెట్టుకు తన సొంత ఊళ్లో చోటు తగ్గిపోకూడదు. విశాఖ చుట్టూ లేఅవుట్లు పెరుగుతున్నాయి, రోడ్లు వెడల్పవుతున్నాయి. నీడ కోసం నాటే మొక్కల్లో త్వరగా ఎదిగే విదేశీ జాతులకే పెద్దపీట వేస్తున్నాం. గట్టు మీద నేరేడు, కంచెలో వాక్కాయ ఎవరూ నాటకుండానే ఉండేవి గనుక, నాటాలన్న ఆలోచనే మనకు రాలేదు. ఇకపై నాటాలి.

పద్ధతి చాలా సులువు. జాము చేసిన సాయంత్రమే గింజలను కడిగి, చెరువు గట్టునో, బడి ఆవరణలోనో, పొలం మూలనో బొటనవేలు లోతున పాతిపెట్టాలి. మేకలు ఆ లేత చిగుళ్లను మేయకుండా చుట్టూ వాక్కాయ మొక్కలు నాటాలి. ఆ ముళ్లే కంచె అవుతాయి, నీళ్లు పెద్దగా అడగవు, నేరేడు కంటే ఎంతో ముందే కాపుకొస్తాయి. నేరేడు ఎదిగేదాకా వాక్కాయ పప్పుకు, పచ్చడికి అందుతుంది. ఎదిగిన ఏడు రెండు పళ్లూ ఒకే చోట కోసుకుని, ఒకే గిన్నెలో వేసుకోవచ్చు.